కార్మికుల కుర్చీ

కమిటీలో ఒక్క కుర్చీ ఖాళీగా ఉంది. మగ్గాల షెడ్లలో పనిచేసే కార్మికుల తరఫున కూర్చునే కుర్చీ. అది దేవయ్యకు కావాలి.

నగరం ఎదిగితే అందరూ ఎదగాలని ముంబై పక్కన భివండిలో, తెలుగువాళ్లుండే పద్మనగర్‌లో మీటింగు పెట్టారు. అందరికీ అని తెప్పించిన సమోసాలు మొదటి రెండు వరుసలతోనే అయిపోయాయి. షెడ్లలో పన్నెండు గంటల పాళీని ఎనిమిది గంటలకు దించాలా వద్దా అన్నది కమిటీ తేల్చాలి. దించాలని అధికారులు, వద్దని షెడ్ల యజమానులైన సేట్లు. ఇద్దరూ సమానంగా ఉన్నారు కాబట్టి తేల్చేది ఆ కుర్చీయే.

అధికారిణి నమ్రత షోలాపూర్ తెలుగమ్మాయి. బదిలీ మీద వచ్చి వారం కాలేదు. ఇన్నాళ్లూ రిపోర్టుల్లో చదివిన కార్మికుణ్ని కళ్లారా చూడాలని ఆమెకు మహా ఆత్రం. జుట్టు నిండా దూది, మోకాళ్ల దాకా మడిచిన లుంగీ, మగ్గాల మోతకు సగం పోయిన చెవులు. దేవయ్య లేచి నిలబడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"మీ షెడ్డులో కష్టాలేంటి కాకా?" అని గట్టిగా అడిగింది.

"ఏం జెప్పాలె బిడ్డా. పన్నెండు గంటలు నిలవడుడే. ఒంటికి పోవాలన్నా సేటు మొఖం జూడాలె. చెల్లె పెండ్లుంది, ఛుట్టీ గావాలె అంటే, పెండ్లి నీదా అంటడు."

హాలంతా చప్పట్లు. వెనక వరుసలో ఇద్దరు ముగ్గురు కండువాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గారు.

"అంత దుర్మార్గుడా మీ సేటు?"

దేవయ్య నొచ్చుకున్నాడు. "దుర్మార్గుడేం గాదు. ఆయన తిప్పలు ఆయనకుంటయి."

ఇంత జరిగినా సేటును వెనకేసుకొచ్చే ఆ మంచితనానికి నమ్రత కళ్లు చెమర్చాయి.

"ఆయన పేరు చెప్పండి. నేను చూసుకుంటా."

"పేరు జెప్తే రేపు నా బతుకేంగావాలె?"

ఇంకెవరైనా మాట్లాడతారా అని ఆమె హాలంతా చూసింది. ఎవరూ లేవలేదు. అక్కడికక్కడే కాగితం మీద దేవయ్య పేరు రాసి, మెడలో దండ వేసి ఫోటో దిగింది.

దండతోనే దేవయ్య షెడ్డుకు చేరాడు. మగ్గాలు ఆగకుండా ఆడుతున్నాయి. తెగిన పోగు అతుకుతున్న మోషే తల తిప్పకుండానే దేవయ్యకు వినపడేలా అరిచాడు.

"కార్మికుల కుర్చీ ఎవరికొచ్చింది సేటూ, ఒక్క గంట ఛుట్టీ ఇస్తే మేంగూడ వచ్చి అడుగుతుంటిమి గదా?"