డెబ్బై ఒకటి

పాస్టరుగారు ఈ ఆదివారంతో రిటైరవుతున్నారు. ఫస్టు క్లాసు ఇంకా రాలేదు.

ముప్ఫై నాలుగేళ్లుగా అదే చర్చిలో ప్రసంగం చెబుతున్నారు. ఆయన భార్య పక్క వీధి బడిలో మూడో తరగతి టీచరు. పాస్టరు భార్య అన్నాక ముందు బెంచీలో కూర్చోవాలని అందరూ చెప్పి చూశారు. వినలేదు. చివరి బెంచీలో గోడవారగా కూర్చుంటుంది. ఒళ్లో చిన్న నోటుబుక్కు, చేతిలో ఎర్ర పెన్ను. ప్రసంగం అయిపోవస్తోందనగా తేదీ వేసి, పక్కన ఒక అంకె వేస్తుంది.

టీచరమ్మ దేనికైనా మార్కులు వేస్తుంది. పిల్లలు తిన్న కంచాలకి వేసింది. మడతపెట్టిన దుప్పట్లకి వేసింది. కూతురు నెలల పిల్లగా ఉన్నప్పుడు క్లాసులోనే ఉయ్యాల కట్టి పాఠం చెప్పింది. ఆ పిల్ల ఏడుపుకి కూడా మార్కులు వేసిందని బళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి మనిషి మొగుడి ప్రసంగాన్ని ఊరికే వదులుతుందా? ఆ అంకె ఏమిటని పాస్టరుగారు ఏనాడూ అడగలేదు. అడగడానికి ఏముంది గనక!

మొట్టమొదటి ప్రసంగంలో ఆయన గొంతు చించుకున్నారు. బల్ల గుద్దారు. నరకం వేడి ముందు బెంచీ దాకా తగిలించారు. ఇంటికొచ్చి, ఆవిడ వంటింట్లో ఉండగా నోటుబుక్కులో ఆ రోజు పేజీ దొంగచాటుగా చూశారు.

నాలుగు.

ఆ పూట అన్నం సయించలేదు.

మరుసటి వారం గొంతు తగ్గించి చెప్పి చూశారు. తొమ్మిది. దారి దొరికింది. మాటకీ మాటకీ మధ్య ఎడం పెంచారు. ఇరవై నిమిషాల ప్రసంగాన్ని గంట చేశారు. అంకె పెరుగుతూ వచ్చింది. ఎండాకాలంలో మరీ పెరిగేది. ఎండకి ఆవిడ మనసు కూడా మెత్తబడుతుంది కాబోలు అనుకున్నారు. ఓ ఆదివారం మేక ఒకటి లోపలికి దూరి పాటల పుస్తకం నమిలింది. ఆ రోజు సున్నా. మేక చేసినదానికి నాకు శిక్షా అని పాస్టరుగారు వారం రోజులు ముభావంగా ఉన్నారు.

జనం మొహాలు కనిపిస్తే ఆయనకి నోరు తడారిపోతుంది. అందుకని కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని చెప్పేవారు. వంగిన తలలు మసకమసకగా కనిపించేవి. ఎంత భక్తి అనుకునేవారు. చివర్లో టీచరమ్మ స్కేలుతో బెంచీ మీద టపీమని ఒక్కటి కొట్టేది. అందరూ ఉలిక్కిపడి ఒక్కసారిగా "ఆమెన్" అనేవారు. బడి అలవాటు, ఎక్కడికి పోతుంది!

ఇంతవరకూ వచ్చిన వాటిల్లో పెద్దది యాభై ఎనిమిది.

"రెండంటే రెండు మార్కుల్లో పోయిందమ్మా," అన్నారు పాస్టరుగారు, ఆఖరి ఆదివారానికని వచ్చిన కూతురితో. "ఈసారి అరవై రాకపోతే నేనీ ముప్ఫై నాలుగేళ్లూ ఏం చేసినట్టు?"

"అమ్మ సంగతి తెలీదా నాన్నా! మా ఆయన్ని మొదటిసారి ఇంటికి తీసుకొస్తే ముప్ఫై నాలుగు వేసింది. ఒక్క మార్కు కలిపి పాస్ చెయ్యమని కాళ్లావేళ్లా పడ్డాను."

"కలిపిందా?"

"పెళ్లయ్యాక కలిపింది."

ఆదివారం చర్చి కిటకిటలాడింది. గంట కొట్టే తాత లెక్కపెట్టుకొచ్చి చెప్పాడు. "మీరు కాక డెబ్బై రెండు తలకాయలు అయ్యగారూ! అమ్మగారితో కలిపి."

పాస్టరుగారు కళ్లజోడు తీశారు. సహనం గురించి మొదలుపెట్టారు. తనకి తెలిసిన విద్యంతా ధారపోశారు. పిల్లిని నిమిరినట్టు ఒక్కో మాటా నిమిరి వదిలారు. గంట దాటింది. రెండో గంట కూడా దాటింది. చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. తన ప్రసంగానికి ఇంత నిశ్శబ్దం ఆయన ఎరగరు. కళ్లు చెమర్చాయి.

టపీమని స్కేలు మోగింది.

"ఆమెన్!" చర్చి అదిరిపోయింది.

గుమ్మం దగ్గర అందరూ ఆయన చేతులు పట్టుకున్నారు. "ఒళ్లంతా తేలికైపోయింది అయ్యగారూ," అన్నాడు గంట తాత. "నా జన్మలో ఇంత హాయి ఎరగను." కూతురు ఎర్రబడ్డ కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "చాలా బాగా చెప్పావు నాన్నా," అంది.

ఇంటికొచ్చాక ఈసారి దొంగచూపు అక్కర్లేకపోయింది. టీచరమ్మే నోటుబుక్కు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇంక నాకెందుకండీ ఇది? మీ కష్టమే కదా, మీరే దాచుకోండి."

పాస్టరుగారు చివరి పేజీ తీశారు.

డెబ్బై ఒకటి.

"టీచరమ్మా! డెబ్బై ఒకటా!"

"రెండుసార్లు సరిచూశాను. తప్పు లేదు."

"నిజం చెప్పు. రిటైరవుతున్నానని జాలిపడి కలపలేదు కదా?"

"నేను ఒకరికి కలపను, ఒకరికి తియ్యను," అంది ఆవిడ. "అల్లుడి విషయంలో ఒక్కసారి తప్ప."

ఆవిడ నీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్లింది.

పాస్టరుగారు నోటుబుక్కుని గుండెలకి హత్తుకున్నారు. ఆ నాలుగు మార్కుల పేజీ కూడా ఓసారి చూసుకుని నవ్వుకుందామని వెనక్కి తిప్పుతూ పోయారు. కళ్లజోడు పెట్టుకుని, ఇన్నేళ్లలో ఎన్నడూ తెరవని మొదటి పేజీ తెరిచి, మూడో తరగతి పిల్లల కోసం రాసినంత గుండ్రటి అక్షరాలతో, కింద రెండు గీతలు కొట్టి ఉన్న మాటలు కూడబలుక్కుని చదివారు: "ప్రసంగంలో నిద్రపోయినవారి హాజరు."