సముద్రం వైపు వాటా

"పెద్దోడు పంచాల, చిన్నోడు కోరుకోవాలంటిరి. గాలొచ్చే సముద్రం వైపు ఇల్లు మీ తమ్ముడి పెళ్లాం కొట్టేసింది," అంది జమాల్‌బీ, భర్తకి పులుసు వడ్డిస్తూ.

బడిలో సైన్సు చెప్పే మీరావలి నవ్వాడు. "బొగ్గు పొగ పెరిగేకొద్దీ భూమి వేడెక్కతాదంట. ధ్రువాల మంచు కరిగి సముద్రం పైకొస్తాదంట. పత్రికలో రాసినారు."

గరిటె ఆగింది. "అయితే ముందు మునిగేది సైదాబీ ఇల్లేగా?"

"మనవళ్ల కాలానికి మునగొచ్చు."

జమాల్‌బీ కడుపు చల్లబడింది. "ఆ తర్వాత?"

"దాని వెనకాల ఉండేది ఎవరిల్లు?"

సాయంత్రం సైదాబీ ఇంటి ముందు ఇసుకలో జమాల్‌బీ సరుగుడు మొక్కలు నాటుతోంది.

"నా వాకిట్లో ఇవెందుకక్కా?"

"సముద్రానికి అడ్డం. నీకూ, నాకూ. నీళ్లు తే."

"చెట్లు లేస్తే నాకు గాలి రాదు గదక్కా!"

ఆ సంగతి జమాల్‌బీకి తట్టనేలేదు. తర్వాతి మొక్కని ఇంకాస్త దగ్గరగా నాటింది.