మైకు బండి

సైన్యంలో చేర్చుకునే ఆఫీసు గేటు ముందు ఆమె అరుస్తోంది. దాన్ని అరుపనడం కూడా దండగే. చిరిగిన డోలు మీద కొట్టినట్టు బొంగురుగా వస్తోంది.

మెడలో అట్టముక్క వేలాడుతోంది. "నా కొడుకును యుద్ధం మింగింది. మీ పిల్లల్ని పంపకండి." కింద యూనిఫాంలో నవ్వుతున్న కుర్రాడి ఫొటో.

ఆఫీసువాళ్లు ఆమెకు బొంగురమ్మ అని పేరు పెట్టారు. అక్కడితో వాళ్ల జాలి అయిపోయింది.

ఆ ఉదయం ఒక దర్జీ ఆవిడ వచ్చింది. హడావిడిలో మెడలోని కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయినట్టుంది. కొడుకు అప్పటికే లోపల వరుసలో నిలబడ్డాడు. వాడికింకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లి సంతకం కావాలి. ఆవిడ గేటు దగ్గరే ఆగిపోయింది.

బొంగురమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"సంతకం పెట్టకు చెల్లీ. వాడు అలిగితే అలగనీ. రెండ్రోజులు అన్నం మానేస్తాడు, అంతేగా? ఆకలేస్తే వాడే వస్తాడు. నావాడికి ఇంక ఆకలే వెయ్యదు."

దర్జీ ఆవిడ కళ్లు తడిశాయి. "నాకూ ఇష్టం లేదక్కా. వాణ్ని ఇంటికి లాక్కుపోదామనే వచ్చాను."

సరిగ్గా అప్పుడే ఆఫీసువాళ్ల మైకు బండి వచ్చింది. వచ్చింది వచ్చినట్టు పోకుండా గేటు ముందే ఆగి చావాలా!

ఆ బండి ఆపించమని బొంగురమ్మ ఇదివరకే ఆఫీసరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "బాగా పనిచేస్తున్నదాన్ని ఎవరైనా ఆపుతారా?" అన్నాడాయన.

"అమ్మలారా!" అంది మైకులోని గొంతు, తేనెలో ముంచి తీసినట్టు. "నేనూ తల్లినే. కన్నపేగు ఎంత లాగుతుందో నాకు తెలుసు. అయినా నవ్వుతూ నా బిడ్డను పంపాను. వాడు క్షేమంగా తిరిగొస్తాడు. మీవాడూ వస్తాడు."

బొంగురమ్మ బండికి అడ్డం వెళ్లి బానెట్ మీద బాదింది. "ఆపు! అబద్ధం! దాన్ని ఆపు!"

డ్రైవరు తల బయటపెట్టాడు. "ఆ మహాతల్లి మీద నీకెందుకమ్మా అంత కుళ్లు? ఆవిడ పిలిస్తే జనం వస్తున్నారు. నువ్వు అరిస్తే కాకులు కూడా లేచిపోతున్నాయి." రికార్డు వాల్యూమ్ ఇంకాస్త పెంచాడు.

దర్జీ ఆవిడ ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. "ఆవిడా కన్నతల్లే కదక్కా. ఆవిడకున్న ధైర్యం నాకెందుకు ఉండకూడదు?"

"అది ధైర్యం కాదే తల్లీ, తెలియనితనం!"

"ఆవిడ సంగతి నీకేం తెలుసు?"

విసురుగా చెయ్యి విడిపించుకుని దర్జీ ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. బొంగురమ్మ వెనకనుంచి ఏదో అరిచింది. మైకు హోరులో ఎవరికీ వినపడలేదు. రెండు చేతులతో చెవులు మూసుకుని అక్కడే కూలబడింది.

కొడుకు శవం ఇంటికొచ్చిననాడు ఏడ్చి ఏడ్చి ఆమె పోగొట్టుకున్న గొంతే, మైకులోంచి ఇంకా తల్లులను పిలుస్తోంది.