అత్తగారు ఏమీ వద్దన్నారు

"మీ మేనేజరుకి జిన్‌సెంగ్ వేళ్ళు, మా అక్కకి బేరిపళ్ళు. చుసోక్ పండగ కానుకలు అయిపోయినట్టే," అంది సోన్యంగ్, పళ్ళపెట్టెకి గులాబీరంగు పట్టుగుడ్డ కడుతూ.

"మరి మా అమ్మకి?" అన్నాడు భర్త కివన్.

"అత్తయ్య ఫోన్లో ఏమీ వద్దన్నారుగా. మూడుసార్లు అన్నారు."

"ఏటా అంటుంది. ఏటా పంపిస్తాం."

"ఈ ఏడు పెద్దవాళ్ళ మాట విందామండీ."

అంతలో కొరియర్ వచ్చింది. అత్తగారు పంపిన పొట్లం.

"చూశారా, ఆవిడే మనకి పంపారు," అంటూ సోన్యంగ్ మురిసిపోతూ విప్పింది.

లోపల నిరుడు తను పళ్ళపెట్టెకి కట్టి పంపిన పట్టుగుడ్డ ఉంది. ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది. పైన చీటీ.

"అమ్మాయ్, కానుకలు కట్టడానికి గుడ్డలు చాలవేమోనని పంపాను. నాకు మాత్రం ఏమీ వద్దు."

సోన్యంగ్ బేరిపళ్ళ పెట్టె మీద అక్క పేరున్న చీటీని మెల్లగా పీకేసింది.

"మా అక్క కూడా ఏమీ వద్దంది లెండి."