అంకెలు కదలాలి

“సాయంత్రానికల్లా అంకెలు కదలాలి బాబూ. లేకపోతే అమ్మగారు ఇవాళ కూడా ముద్ద ముట్టరు” అన్నాడు తలనెరిసిన డ్రైవరు, కారు షెడ్డులోకి తెచ్చి ఆపుతూనే.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. గుండ్రటి లైట్ల పాతకాలపు కారు. దానికి విడిభాగాలు దొరకడం గగనం. స్పీడు చూపించే ముల్లు బాగానే లేస్తోంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించే అంకెలు మాత్రం రెండ్రోజులుగా కదలడం మానేశాయి.

ఇంకో ఇంట్లో అయితే ఎవరూ పట్టించుకోరు. ఆ ఇంట్లో మాత్రం కొంప మునిగే వ్యవహారం.

అమ్మగారి కొడుకు ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తండ్రికి గుండెపోటు వచ్చిన రోజున ఇదే కారు నడుపుతూ, కంగారులో ఆస్పత్రి దారి తప్పాడు. చేరేసరికి అంతా అయిపోయింది. పుట్టెడు దుఃఖంలో తల్లి నోరు జారింది. “నా కళ్ళ ముందు ఉండకు” అంది. వాడు నిజంగానే ఉండలేదు. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుందామని అప్పట్నుంచీ ఆవిడ కొట్టుకుంటూనే ఉంది.

మోకాళ్ళు సహకరించవు. వాకిట్లోకి రావడమే గొప్ప. అందుకని పొద్దున్నే డ్రైవర్ని వెతకడానికి పంపుతుంది. సాయంత్రం కారు వచ్చి ఆగగానే కర్ర పట్టుకుని వచ్చి, మీటరు చూస్తుంది. అంకెలు పెరిగితే వెతికాడని లెక్క. అప్పుడే భోజనానికి కూర్చుంటుంది.

“మొన్నట్నుంచీ ఏమీ తినలేదా?” అడిగాడు మెకానిక్.

“మంచినీళ్ళే. మీటరు చెడిందమ్మా అంటే వింటేగా! ‘నువ్వూ ఆశ వదిలేశావన్నమాట’ అని కంచం తోసేశారు. ఈ వయసులో నాకు ఈ నిందొకటి.”

మెకానిక్ పక్క సీట్లోంచి ఒరిగి స్క్రూలు విప్పసాగాడు.

“ఇటొచ్చి స్టీరింగు ముందు కూర్చుంటే సుళువు కదా.”

“ఇలాగే బాగుంది బాబాయ్.”

మీటరు ఊడి చేతికొచ్చింది. అంకెల్ని తిప్పే బుల్లి పళ్ళచక్రం అరిగి, ఉత్తినే తిరుగుతోంది. పాత సామాన్ల డబ్బాలో వెతికి అలాంటిదే ఒకటి తీశాడు. సరిపోలేదు. ఇంకోటి తీశాడు. అదీ కాదు. చివరికి ఒకదాన్ని ఆకురాయితో రుద్ది రుద్ది కూర్చోబెట్టాడు.

“బండి అమ్ముకునేవాళ్ళందరూ అంకెలు వెనక్కి తిప్పమని నా ప్రాణం తీస్తారు. ముందుకి తిప్పమన్నవాడివి నువ్వొక్కడివే” అన్నాడు మెకానిక్, నవ్వబోయి. “ఇంతకీ ఆ రెండ్రోజులూ నిజంగా తిరిగావా?”

“ఇంకెక్కడ వెతకమంటావు? నువ్వే చెప్పు!” డ్రైవరు గొంతు లేచింది.

మెకానిక్ తల దించుకున్నాడు. డ్రిల్లు కొసకి మీటరు కేబులు తగిలించి నొక్కాడు. అంకెలు గిరగిరా దొర్లాయి. రెండ్రోజుల దూరం నిమిషాల్లో ఎక్కింది. అద్దం మీద బొటనవేలితో అదిమి, మీటరును మళ్ళీ దాని గూట్లో బిగించాడు.

“పోనీ, నువ్వే ఒకసారి ఇంటికొచ్చి మీటరు చెడిందని చెప్పరాదూ? నా మాట మీద నమ్మకం పోయింది. నువ్వు చెబితే నమ్ముతారు.”

“నా వల్ల కాదు.”

“ఏమీ అనరు బాబూ. వెన్నలాంటి మనిషి.”

“రానన్నానుగా! బయల్దేరు బాబాయ్, పొద్దుపోతోంది. ఆవిడ తినాలి.”

డ్రైవరు ఉసూరుమంటూ బండి తీశాడు.

అమ్మగారు వాకిట్లోనే ఎదురుచూస్తోంది. కర్ర పక్కన ఆనించి, తలుపు తీసుకుని ముందు సీట్లో కూలబడింది. అంకెల్ని కూడబలుక్కుంటూ చదివింది. రెండ్రోజుల తర్వాత ఆ ముఖం విప్పారింది.

“ఇంత దూరం తిరిగావా, పాపం! నిన్ను అనవసరంగా అనుమానించాను” అంది. “రేపు కూడా వెళ్ళు. ఎక్కడో ఒకచోట వాడు కనబడకపోడు. పద, ఆకలేస్తోంది.”

డ్రైవరు నోటిదాకా వచ్చిన మాటను మింగేసి తలూపాడు.

దిగబోయినదల్లా ఆగి, మీటరు అద్దం మీద ఇంకా తడిగా ఉన్న కొడుకు బొటనవేలి గ్రీజు మరకను ఆవిడ చీర చెంగుతో శుభ్రంగా తుడిచేసింది.