సగంలో ఆగిన ఆట

బండ మీద గీసిన గళ్లలో రాళ్లు జరుపుతూ నల్లరాయిని మూలకు చేర్చాలి. అదీ ఆట. తక్కువ ఎత్తుల్లో ముగించడంలో తండాలో హేమ్లాకు సాటి లేదు. ఇప్పుడతను ఖమ్మం దవాఖానాలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఆట సగంలో ఉంటే మనిషి తిరిగొస్తాడని తండా నమ్మకం. అందుకే మక్కచేనుకు కాపలా వచ్చిన భార్య సోమ్లి, అక్కడి బండ మీద అతను వదిలివెళ్లిన రాళ్లను ముట్టలేదు.

చీకట్లో రాయి గీసుకున్న చప్పుడైంది. టార్చి వేసింది. నల్లరాయి దానంతటదే జరుగుతోంది. మూలకు ఇంకొక్క గడే ఉంది.

సోమ్లి ఆ గడిలో అరచెయ్యి పెట్టింది.

"గంత జల్ది ఏంది నీకు? మిగిలింది ఇంటికొచ్చి ఆడు."

చల్లటి రాయి వేళ్లకు తగిలి ఆగింది. పురుగుల రొద కూడా ఆగిపోయింది. చాలాసేపటికి రాయి ఒక గడి వెనక్కి జరిగింది.

హేమ్లా ఒక ఎత్తు దండగ చేయడం ఆమె చూడటం ఇదే మొదటిసారి.