రెండో గేరు

"కాకా, గిట్ల పెడితే గేర్‌బాక్స్ కరాబైతది," అన్నాడు మెకానిక్ మతీన్, లాప్‌టాప్ తీగను నా కారుకు తగిలిస్తూ. ఆ పాత ఆటోమేటిక్ కారుకు పెద్ద ఇంజన్ ఎక్కించిందీ అతనే.

"కానియ్. బండి నా తమ్ముడు పరమేశ్వరప్ప బట్టల దుకాణం దాటేదాంక రెండో గేర్ల నుంచి మారొద్దు. బండి మొత్తుకోవాలె. వాడు ఒక్కసారి తలెత్తి చూడాలె."

పొలం పంచాయితీ అయినప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు.

గేరు ఆలస్యంగా మారేట్టు మతీన్ సెట్ చేశాక, ఇద్దరం ఖేడ్ బజారు మీదుగా వెళ్లాం. కూరగాయలమ్మే ఆడవాళ్లు చెవులు మూసుకుని తిట్టారు. మా తమ్ముడు మాత్రం తల వంచుకుని గుడ్డ కొలుస్తూనే ఉన్నాడు.

"చూస్తివా పొగరు! గేరు ఇంకింత లేటు చెయ్."

"ఎంత లేటు చేసినా గంతే కాకా. ఆయనకు చెవులు వినబడక రెండేండ్లాయె."

"నాకెవ్వడూ చెప్పలేదేంది?"

"ఆయన పేరెత్తితే నా గడప తొక్కొద్దని నువ్వే అందరికీ చెప్తివి గదా."

బస్టాండు దగ్గర కారు పక్కకు ఆపాను.

"అయితే ముంగట పెద్ద లైట్లు బిగించు," అన్నాను. "కండ్లన్న కనబడ్తయి గదా వానికి."